ముల్లు ఎర్రగీతను తాకకముందే

సెలవులు కలసివస్తాయని పెళ్ళిళ్ళు, వలీమాలు వేసవిలోనే పెట్టుకునే కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. గడివేముల మండలంలోని పల్లెల నుంచి బయలుదేరితే, 40వ నంబరు జాతీయ రహదారి మీద నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, మైదుకూరుల మీదుగా కడపకో, పాణ్యం, ఓర్వకల్లుల మీదుగా కర్నూలుకో ప్రయాణం సాగుతుంది. ఐదుగురికి చోటున్న కారులో ఏడుగురు కూర్చుంటారు. పైన సామాను, లోపల ఏసీ, బయట 40 డిగ్రీలు దాటిన ఎండ. ఇన్ని భారాలను ఒకేసారి మోస్తున్నది బానెట్ కింద కంటికి కనిపించని ఇంజన్.

సామాన్య కుటుంబానికి ఇల్లు తరువాత అంత పెద్ద ఖర్చు కారే. కొందరికి అది సౌకర్యం, కొందరికి అదే జీవనాధారం. నెలనెలా వాయిదాలు కడుతూ బాడుగకు తిప్పుకునే యువకుడి ఇంట్లో పొయ్యి వెలగడం ఆ ఇంజన్ తిరగడం మీదే ఆధారపడి ఉంటుంది. అటువంటి ఇంజన్ పది నిమిషాలు మితిమీరి వేడెక్కితే చాలు, ఏళ్ళ తరబడి కూడబెట్టినది ఆవిరైపోతుంది. రోడ్డు మీద ప్రమాదం జరగదు, ఎవరూ ఢీకొనరు. అయినా బండి షెడ్డుకు చేరుతుంది, ‘ఇంజన్ బోరుకు వచ్చింది’ అన్న మాట వినవలసివస్తుంది. ఇది ముందుగా గుర్తించదగిన, చాలావరకు నివారించదగిన నష్టం. అందువల్లనే ఈ నెల ఇంజన్ ఉష్ణోగ్రత గురించి వివరంగా చెప్పుకోవాలని మేము తలచాము.

వేడి ఎక్కడ పుడుతుంది, ఎక్కడికి పోతుంది?

మనం పోసే పెట్రోలులోని శక్తి అంతా చక్రాలకు చేరదు. స్థూలంగా చెప్పాలంటే మూడింట ఒక వంతు మాత్రమే బండిని నడిపిస్తుంది. మరొక వంతు పొగగొట్టం గుండా బయటికి పోతుంది. మిగిలిన వంతు ఇంజన్ లోహంలోకి చేరుతుంది. సిలిండరులో ఇంధనం మండే క్షణంలో అక్కడి వాయువుల ఉష్ణోగ్రత 2000 డిగ్రీలు దాటుతుంది. అల్యూమినియం 660 డిగ్రీల వద్దనే కరుగుతుందని గుర్తుంచుకుంటే, ఆ వేడిని క్షణక్షణం తోడిపోయకపోతే ఏమవుతుందో ఊహించవచ్చు.

ఆ తోడిపోసే పని కూలెంట్‌ది. వాటర్ పంపు దానిని ఇంజన్ చుట్టూ ఉన్న సన్నని దారులలో తిప్పుతుంది. వేడెక్కిన కూలెంట్ ముందున్న రేడియేటరులోకి వచ్చి, గాలికి చల్లబడి, తిరిగి ఇంజన్‌లోకి వెళుతుంది. ఈ దారిలో కాపలాదారు థర్మోస్టాట్ వాల్వు. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు అది మూసుకొని ఉండి, కూలెంట్‌ను రేడియేటరు వైపు పోనివ్వదు. చాలా కార్లలో 82 నుంచి 92 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. బండి నిలిచి ఉన్నప్పుడు ఎదురుగాలి ఉండదు కనుక, కూలెంట్ 95, 100 డిగ్రీల ప్రాంతానికి రాగానే ఫ్యాన్ దానంతట అదే తిరుగుతుంది.

‘భాయ్, మన ఎండలకు ఈ వాల్వు ఎందుకు, తీసేద్దాం’ అనే మాట మన పట్టణాల షెడ్లలో తరచూ వినిపిస్తుంది. ఇది మంచి సలహా కాదు. వాల్వు లేని ఇంజన్ ఆలస్యంగా వేడెక్కుతుంది, ఇంధనం ఎక్కువ తాగుతుంది, లోపల తేమ ఆరక ఆయిల్ త్వరగా చెడుతుంది. పైగా ఇంజన్ వేడెక్కడానికి అసలు కారణం రేడియేటరులోనో, ఫ్యాన్‌లోనో ఉంటే అది అలాగే మిగిలిపోతుంది. వాల్వు చెడితే కొత్తది వేయించాలి గాని దానిని తీసివేయించరాదు.

ప్రెషర్ కుక్కర్ చెప్పే పాఠం

నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది. అయితే మన వంటింటి కుక్కరులో మూత బిగించి, వెయిట్ పెట్టి ఒత్తిడి పెంచితే అదే నీరు సుమారు 120 డిగ్రీల దాకా మరగకుండా ఉంటుంది. రేడియేటరు మూత చేసే పని సరిగ్గా ఇదే. అది లోపల సుమారు ఒక బార్ ఒత్తిడిని నిలుపుతుంది. దానికి తోడు కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రవం మరుగు స్థానాన్ని ఇంకొంత పెంచుతుంది. సగం నీరు, సగం గ్లైకాల్ కలిపిన కూలెంట్ మంచి మూత కింద 120 డిగ్రీలను దాటినా మరగదు.

దీని నుంచి రెండు సంగతులు తెలుస్తాయి. మొదటిది, మూత రబ్బరు వాషరు ఎండిపోయి ఒత్తిడి నిలవకపోతే, మిగిలినవన్నీ బాగున్నా కూలెంట్ తొందరగా పొంగుతుంది. ఎంతో పెద్ద రోగం అనుకున్నది కొన్నిసార్లు తక్కువ ఖరీదు మూత మార్చడంతో నయమవుతుంది. రెండవది మరింత ముఖ్యమైనది. వేడి మీద ఉన్న కుక్కరు మూతను ఏ ఇల్లాలూ బలవంతంగా తీయదు. వేడి మీద ఉన్న రేడియేటరు మూత కూడా అంతే. దానిని తిప్పిన క్షణంలో ఒత్తిడి తగ్గి, 100 డిగ్రీలు దాటిన ద్రవం ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి, చేతుల మీదికి ఎగజిమ్ముతుంది.

మన నేల, మన నీరు

ఈ విషయంలో మన ప్రాంతానికి ఒక ప్రత్యేకత ఉంది. కర్నూలు, నంద్యాల జిల్లాలు సున్నపురాతి నేలలకు ప్రసిద్ధి. భూగర్భ శాస్త్రవేత్తలు ఇక్కడి రాతిపొరలకు కోయిలకుంట్ల సున్నపురాయి, నార్జి సున్నపురాయి అని మన ఊళ్ళ పేర్లే పెట్టుకున్నారు. మన ఇళ్ళలో పరచుకునే బేతంచెర్ల నాపరాళ్ళు ఆ జాతివే. గడివేముల మండలం బిలకలగూడూరులో సిమెంటు కర్మాగారం వెలసింది కూడా ఈ రాయి ఉన్నందువల్లనే.

సున్నపురాతి పొరలలో ఊరిన బోరునీటిలో సున్నపు లవణాలు కరిగి ఉంటాయి. ఆ నీటిని కాస్తే అవి విడిపోయి గిన్నెకు పట్టుకుంటాయి. నీళ్ళు కాగే పాత్ర అడుగున, గీజరు కాయిల్ మీద తెల్లగా గట్టిపడే పొరను చూడని ఇల్లు మన వైపు అరుదు. అదే నీటిని రేడియేటరులో పోస్తే అదే పొర ఇంజన్ లోపలి సన్నని దారులలోనూ ఏర్పడుతుంది. లోహంతో పోలిస్తే ఈ పొరకు వేడిని ప్రసరింపజేసే శక్తి అత్యల్పం, అల్యూమినియంలో ఇంచుమించు నూరోవంతు. అంటే పలుచని పొర కూడా ఇంజన్‌కు దుప్పటి కప్పినట్లే. దానికి తోడు ఉత్త నీటివల్ల తుప్పు పట్టి, ఆ తుప్పు రజను రేడియేటరు గొట్టాలను మూసివేస్తుంది.

అందుచేత బోరునీటిని కూలెంట్‌గా వాడరాదు. తయారీదారు పుస్తకంలో సూచించిన రకం కూలెంట్‌నే వాడాలి. చిక్కటిది కొంటే డిస్టిల్డ్ వాటర్ కలుపుకోవాలి, కలిపి అమ్మేది కొంటే అలాగే పోయాలి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే రంగులను నమ్మి ఒకదానిలో మరొకటి కలపకూడదు, ఎందుకంటే రంగు ఏ కంపెనీ ఇష్టం వచ్చినట్లు ఆ కంపెనీ వేసుకునేదే. దారిలో తప్పనిసరై మామూలు నీరు పోయవలసివస్తే పోసుకొని ఇల్లు చేరవచ్చు. చేరిన తరువాత అంతా తీసి, శుభ్రం చేయించి, సరైన కూలెంట్ నింపించాలి.

లోపలి సంగతి ఇది కాగా, బయటి వైపు మరొక బెడద ఉంది. సిమెంటు లారీలు లేపే దుమ్ము, పత్తి దూది, వరిపొట్టు, పురుగులు రేడియేటరు రెక్కల మధ్య ఇరుక్కుంటాయి. ముందు ఏసీ కండెన్సరు, దాని వెనుక రేడియేటరు ఉండడం వల్ల మధ్యలో పేరుకున్న చెత్త బయటికి కనిపించదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు లోపలి వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో నీరు కొట్టి కడగాలి. గట్టి ఒత్తిడితో కొడితే పలుచని రెక్కలు వంగిపోయి గాలికి దారి మూసుకుపోతుంది.

ముల్లు చెప్పేది, చెప్పనిది

ఇంజన్ ఎంత వేడిగా ఉందో తెలుసుకోవాలన్న ఆరాటం కార్లంత పాతది. అమెరికాలో హారిసన్ బాయిస్ అనే ఆయన 1912లో రేడియేటరు మూత మీద నిలిపే ఉష్ణమాపకానికి పేటెంటు పొందాడు. డ్రైవరు అద్దంలో నుంచి దానిని చూస్తూ బండి నడిపేవాడు. తరువాత ఆ ముల్లు డాష్‌బోర్డు లోపలికి వచ్చింది. ఇప్పుడు అనేక చిన్న కార్లలో ముల్లు కూడా లేదు. ఇంజన్ చల్లగా ఉంటే నీలి దీపం, మితిమీరి వేడెక్కితే ఎర్ర దీపం, అంతే. ఎర్ర దీపం వెలిగేసరికి ముందస్తు హెచ్చరికకు సమయం మించిపోయి ఉంటుంది.

ముల్లు ఉన్న కార్లలోనూ ఒక మెలిక ఉంది. ముల్లు కొంచెం కదిలినా యజమానులు కంగారుపడతారని, చాలా కంపెనీలు దానిని ఒక పరిధి మొత్తానికీ మధ్యలోనే నిలిచేటట్లు తయారుచేస్తాయి. లోపల ఉష్ణోగ్రత 80 ఉన్నా, 100 ఉన్నా ముల్లు నడుమనే కనిపించవచ్చు. కనుక అది నడిమి గీతను దాటి కదలడం మొదలుపెట్టిందంటే, సంగతి అప్పటికే కొంత దూరం వెళ్ళిందని అర్థం.

ఇంతకన్నా ప్రమాదకరమైనది ఇంకొకటి. సెన్సారు కూలెంట్‌లో మునిగి ఉన్నంతసేపే సరైన లెక్క చెబుతుంది. పైపు పగిలి కూలెంట్ అంతా కారిపోతే సెన్సారు ఆవిరిలోనో, గాలిలోనో మిగిలిపోయి తక్కువ ఉష్ణోగ్రత చూపవచ్చు. పైకి ఎగబాకిన ముల్లు హఠాత్తుగా కిందికి పడిపోయి, ఇంజన్ బలం తగ్గినట్లు, మాడిన వాసన వస్తున్నట్లు అనిపిస్తే ‘చల్లబడింది’ అనుకోరాదు. వెంటనే ఆపాలి.

అసలైన అంకెను చూడాలనుకునేవారికి నేడు సులభమైన మార్గం ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాల కార్లలో, అంతకు ముందు కొన్నేళ్ళ నుంచి వచ్చిన చాలా కార్లలో స్టీరింగు కింద ‘ఓబీడీ’ అనే పోర్టు ఉంటుంది. మెకానిక్కులు స్కానర్ పెట్టేది అందులోనే. దానిలో చిన్న బ్లూటూత్ పరికరాన్ని అమర్చి, సెల్‌ఫోనులోని యాప్‌తో కలిపితే కూలెంట్ ఉష్ణోగ్రత డిగ్రీలలో కనిపిస్తుంది. కొన్ని కార్లు ఆయిల్ ఉష్ణోగ్రతను కూడా ఇస్తాయి, చాలా కార్లు ఇవ్వవు. ఫోను చూసే పని నడిపేవారిది కాదు. ముందు సీటులో కూర్చున్నవారు చూసి చెప్పాలి. పని ముగిశాక ఆ పరికరాన్ని తీసివేయాలి, లేకపోతే నిలిపి ఉంచిన బండిలో బ్యాటరీ కొంచెంకొంచెంగా దిగిపోతుంది.

కొన్నాళ్ళు గమనిస్తే మన కారు అలవాటు మనకు తెలుస్తుంది. సాధారణ ప్రయాణంలో 85 నుంచి 100 వరకు ఉండి, ట్రాఫిక్‌లో కొద్దిగా పెరిగి, ఫ్యాన్ తిరగగానే దిగుతుంటే అంతా సవ్యంగా ఉన్నట్లే. నిలిచి ఉన్నప్పుడు మాత్రమే పెరిగి, వేగం అందుకోగానే తగ్గితే ఫ్యాన్‌ను, దాని ఫ్యూజును, రిలేను చూపించాలి. సంతలో బాగుండి, హైవే వేగంలోనో, ఎక్కుడులోనో పెరిగితే రేడియేటరు పూడిక, కూలెంట్ కొరత, వాటర్ పంపు, సగమే తెరుచుకునే థర్మోస్టాట్ అనుమానించదగినవి. ఎంతసేపు నడిపినా 70 దాటకపోతే థర్మోస్టాట్ తెరిచిన స్థితిలోనే ఇరుక్కుపోయి ఉండవచ్చు. ఇంత మాత్రం చెప్పగలిగితే మెకానిక్కు పని సగమవుతుంది, మనకు అనవసరపు ఖర్చు తప్పుతుంది.

ఆయిల్ వేడి దారి వేరు

కూలెంట్ చేరలేని చోట్లకు చేరేది ఆయిల్. పిస్టన్ల అడుగు భాగం, బేరింగులు దానివల్లనే చల్లబడతాయి. అయితే ఆయిల్ కూలెంట్ కన్నా ఆలస్యంగా వేడెక్కుతుంది, ఆలస్యంగా చల్లారుతుంది. నీలి దీపం ఆరిపోగానే ఇంజన్ పూర్తిగా సిద్ధమైందనుకొని ఒక్కసారిగా వేగం పెంచడం అందుకే సరికాదు. మొదటి కొన్ని కిలోమీటర్లు నెమ్మదిగా నడపాలి. నిలబెట్టి రేసు చేయనక్కరలేదు.

సాధారణంగా ఆయిల్ 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉండడం మంచిది. 120 దాటి చాలాసేపు ఉంటే వేగం, భారం తగ్గించాలి. డబ్బా మీద 5డబ్ల్యూ-30 వంటి అంకెలలో రెండవది 100 డిగ్రీల వద్ద ఆయిల్ చిక్కదనాన్ని తెలుపుతుంది. ఉష్ణోగ్రత ఇంకా పెరిగితే ఆయిల్ పలుచబడి, లోహాల మధ్య నిలవవలసిన పొర సన్నబడుతుంది. పైగా రసాయనిక చర్యల వేగం స్థూలంగా ప్రతి 10 డిగ్రీలకు రెట్టింపవుతుంది. ఆ లెక్కన ఎక్కువ వేడిలో పనిచేసిన ఆయిల్ ఎంతో త్వరగా ముదిరి, నల్లని జిగురుగా మారుతుంది.

తక్కువ వేడి కూడా దోషమే. బడికి, అంగడికి రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరిగే కారులో ఆయిల్ తగినంత వేడెక్కదు, అందులో చేరిన తేమ ఆరదు. అటువంటివారు ‘పది వేల కిలోమీటర్లు ఇంకా తిరగలేదు కదా’ అనుకోకుండా పుస్తకంలో చెప్పిన నెలల గడువు ప్రకారం ఆయిల్ మార్పించాలి.

ఇక్కడ అనేకులు పొరబడే విషయం ఒకటుంది. డాష్‌బోర్డులో చెంబు మూతి నుంచి చుక్క పడుతున్నట్లుండే ఎర్ర దీపం ఆయిల్ వేడికి సంబంధించినది కాదు. అది ఆయిల్ ఒత్తిడి పడిపోయిందని చెబుతుంది. ఆ దీపం వెలిగితే ‘తరువాతి ఊరిలో చూద్దాం’ అనడానికి వీలులేదు. పక్కకు తీసి వెంటనే ఇంజన్ ఆపాలి.

ఎక్కుడు దారిలో

నంద్యాల నుంచి గాజులపల్లె దాటి గిద్దలూరు వైపు వెళ్ళినా, ఆత్మకూరు నుంచి దోర్నాల వైపు వెళ్ళినా నల్లమల ఘాట్ రోడ్డు తప్పదు. ఎక్కుడులో ఇంజన్ ఎక్కువ శ్రమపడుతుంది, వేగం తక్కువ కనుక ఎదురుగాలి తగ్గుతుంది. పెద్ద గేరులో ఈడ్చుకుంటూ ఎక్కించడం వల్ల వేడి పెరుగుతుంది. ఒక గేరు తగ్గిస్తే పంపు వేగంగా తిరిగి కూలెంట్ ప్రవాహం పెరుగుతుంది. ముల్లు పైకి కదులుతుంటే ఏసీ ఆపివేయాలి. టర్బో ఉన్న డీజిలు బండిని ఘాట్ ఎక్కిన వెంటనే ఆపకుండా ఒకటి రెండు నిమిషాలు నిదానంగా తిరగనివ్వాలి, అప్పుడు టర్బోలోని ఆయిల్ మాడదు.

దూరప్రయాణంలో జుహర్, అసర్ నమాజుల కోసం ఎలాగూ ఆగుతాము. ఆ విరామంలో బండి కింద తడి చుక్కలు ఉన్నాయా, తియ్యని వాసన వస్తున్నదా అని ఒక్కసారి చూడడం మంచి అలవాటు.

వేడెక్కితే ఏమి చేయాలి?

ముల్లు పెరుగుతూ, ఆవిరి ఇంకా రాకపోతే ముందుగా ఏసీ ఆపి, హీటరును పూర్తి వేడికి తిప్పి, బ్లోయరును గరిష్ఠంగా పెట్టాలి. ఎండలో హీటరు వేయడం విడ్డూరంగా తోచవచ్చు. కాని అది లోపల ఉన్న మరొక చిన్న రేడియేటరు. ఇంజన్ వేడిలో కొంత దాని గుండా బయటికి వస్తుంది. అద్దాలు దించి సురక్షితమైన చోట ఆపే వరకు ఈ ఉపాయం సాయపడుతుంది. ఎర్ర దీపం వెలిగినా, ఆవిరి లేచినా, కూలెంట్ కారుతున్నా ఇక ఆలోచించకుండా పక్కకు తీసి ఇంజన్ ఆపాలి.

పిల్లలను, పెద్దలను రోడ్డు వైపు కాకుండా రెండో వైపు దించి నీడకు చేర్చాలి. ఆవిరి తగ్గే వరకు బానెట్ ఎత్తకూడదు. మూతను కనీసం అరగంట, ముప్పావు గంట ముట్టరాదు. కాలుతున్న ఇంజన్ మీద చల్లని నీరు గుమ్మరించరాదు. వేడికి అల్యూమినియం ఇనుముకన్నా ఇంచుమించు రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఒక్కసారిగా చల్లారిస్తే హెడ్ వంగవచ్చు, పగలవచ్చు. పూర్తిగా చల్లారాక, మందపాటి గుడ్డతో మూతను కొద్దిగా తిప్పి, ఒత్తిడి పోయాక తీసి నింపాలి. మళ్ళీ వేడెక్కితే నడపవద్దు. బండిని లాగించుకొని వెళ్ళే ఖర్చు ఇంజన్ ఖర్చులో చాలా చిన్న భాగం. జాతీయ రహదారి మీద సాయానికి 1033, ఎవరికైనా గాయమైతే 108 నంబర్లు ఉన్నాయి.

కాలిన చోట టూత్‌పేస్టు, సిరా వంటివి పూయరాదు. పారే చల్లని నీటి కింద 20 నిమిషాలు ఉంచి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

తరువాత డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో కనిపిస్తే, లేదా పొగగొట్టం నుంచి తియ్యని వాసనతో తెల్లని పొగ ఆగకుండా వస్తే హెడ్ గాస్కెట్ దెబ్బతిని కూలెంట్ లోపలికి చేరుతున్నదని అనుమానించాలి. ఆ స్థితిలో ‘కొన్నాళ్ళు ఇలాగే నడుపుదాం’ అన్నవారు చివరకు గాస్కెట్ బదులు ఇంజన్‌కే ఖర్చు పెట్టవలసివస్తుంది.

ఇంటిలో ఒక జాగ్రత్త

కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ విషం. అది తియ్యగా ఉండడం దాని అసలు ప్రమాదం. మిగిలిన కూలెంట్‌ను కూల్‌డ్రింకు సీసాలో పోసి అటక మీద పెట్టే అలవాటు ఎంతటి అనర్థానికైనా దారితీస్తుంది. తాగినవారు మొదట మత్తులో ఉన్నట్లు తూలి, వాంతులు చేసుకొని, తరువాత మూత్రపిండాలు దెబ్బతినే స్థితికి చేరవచ్చు. ఒక్క గుక్క తాగారన్న అనుమానం వచ్చినా, బాగానే ఉన్నట్లు కనిపించినా, ఆలస్యం చేయకుండా ఆ డబ్బాతో సహా ఆసుపత్రికి వెళ్ళాలి. కూలెంట్‌ను దాని అసలు డబ్బాలోనే, పిల్లలకు అందని చోట ఉంచాలి. పాతదానిని వాకిట్లో, కాలువలో పారబోయరాదు. అక్కడ నీళ్ళు తాగే మేకకూ, పిల్లికీ అది విషమే. వాడిన ఆయిల్, కూలెంట్ రెండింటినీ షెడ్డులోనే అప్పగించాలి.

వారానికి ఐదు నిమిషాలు

ఇంత చెప్పినా చేయవలసినది కొంచెమే. శుక్రవారం ఉదయం, ఇంజన్ ఇంకా చల్లగా ఉన్నప్పుడు, బండిని చదునైన చోట నిలపండి. కూలెంట్ డబ్బాలో ద్రవం రెండు గీతల మధ్య ఉందా చూడండి. డిప్‌స్టిక్ తీసి, తుడిచి, తిరిగి ముంచి ఆయిల్ మట్టం, రంగు చూడండి. పైపులను నొక్కి పగుళ్ళు, మెత్తదనం ఉన్నాయేమో గమనించండి. కింద తడి ఉందేమో చూడండి. ఏ తేదీన ఏ మట్టం ఉందో ఒక చిన్న పుస్తకంలో రాసి కారులోనే ఉంచండి. బయటికి కారకపోయినా కూలెంట్ వారం వారం తగ్గుతుంటే, అది ఎక్కడికో పోతున్నది. ముల్లు ఇంకా నడుమనే ఉన్నా సరే, షెడ్డుకు వెళ్ళవలసిన సమయం అదే.

గని, శకునాల గ్రామాల పరిధిలో 1000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు నిలిచిందంటే, మన మీద కాసే ఎండ ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. ఆ ఎండను మనం తగ్గించలేము. మూత, పైపు, ఫ్యాన్, కూలెంట్ మట్టం మాత్రం మన చేతిలో ఉన్నవే. ఇంటిలో కారు నడిపేవారు ఒక్కరే అయినా, ఈ దీపాల అర్థం, వేడెక్కితే చేయవలసిన పని ఆ కారులో కూర్చునే ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి. ఎర్ర దీపాన్ని ముందుగా చూసేది వెనుక సీటులోని పిల్లవాడే కావచ్చు.